స్కారా బ్రే చూడటానికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో, సముద్రపు ఒడ్డున, నాలుగు వేల ఏళ్లకు పైగా ఇసుక కింద కప్పబడిపోయి మళ్లీ బయటపడ్డ రాతియుగపు ఊరు స్కారా బ్రే. వెళ్దామనుకునేవాళ్లు అడిగేవి తిప్పి తిప్పి అవే సందేహాలు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. టికెట్ ధరలు, టైమింగులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఇక్కడ ఇవ్వలేదు. ఆ ఊరి బాధ్యత చూసే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో తాజావి ఉంటాయి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నాలుగు మొండిగోడల కోసం అంత దూరం వెళ్లాలా? అక్కడ అసలు ఏముంది?

మామూలుగా చరిత్రకు ముందటి ఊళ్లంటే మిగిలేవి స్తంభాలు పాతిన గుంటలు, మట్టిలో నల్లటి మరకలు. అవి ఇల్లని ఎవరైనా చెబితే తప్ప మనకు అర్థం కాదు. ఇక్కడ అలా కాదు. గోడలు మనిషి ఎత్తు వరకు నిలబడి ఉన్నాయి, లోపల మంచాలు, పొయ్యి, వస్తువులు పెట్టుకునే అరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నీ రాతివే కాబట్టి మిగిలాయి. ఎనిమిది ఇళ్లు, వాటిని కలుపుతూ సన్నటి దారులు, అంతే ఊరు. కోటలూ గోపురాలూ ఊహించుకుని వెళ్తే మాత్రం చిన్నబుచ్చుకుంటారు. ఒక ఇంట్లో మనుషులు ఎలా బతికారో చూడాలనే కుతూహలం ఉంటే ఐరోపాలో దీన్ని మించింది నాకు తోచదు.

పిరమిడ్ల కంటే పాతదంటారు, నిజమేనా?

నిజమే. ఇక్కడ జనం సుమారు క్రీ.పూ. 3180 నుంచి క్రీ.పూ. 2500 వరకు ఉన్నారు. గీజా పెద్ద పిరమిడ్ కట్టింది క్రీ.పూ. 26వ శతాబ్దంలో, స్టోన్‌హెంజ్‌లో మనం ఫొటోల్లో చూసే పెద్ద రాళ్లు నిలబెట్టింది కూడా దాదాపు అప్పుడే. అంటే ఆ రెండూ లేచే నాటికి ఈ ఊళ్లో తరాలు గడిచిపోయాయి. అయితే ఆరేడు వందల ఏళ్ల పాటు అవే ఇళ్లు ఉన్నాయని కాదు. పాత ఇళ్లు చిన్నవి, గుండ్రటివి, వాటిలో మంచాలు గోడలోకి గూడులా ఉండేవి. తర్వాత వాటి మీదా పక్కనా కట్టినవి పెద్దవి, మంచాలు గదిలోకి ముందుకొచ్చాయి. మనకు ఇప్పుడు బాగా కనిపించేవి ఎక్కువగా ఈ తర్వాతి తరం ఇళ్లే.

పిల్లలను తీసుకెళ్తే బోర్ అంటారా?

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలైతే అనరు, ఎందుకంటే చూసేది ఇల్లు. మంచం ఎక్కడ, వంట ఎక్కడ, తలుపు ఎలా వేసుకునేవారు అని వాళ్లే వెతుక్కుంటారు. విజిటర్ సెంటర్ పక్కన అసలు ఇంటి కొలతలతో కట్టిన నమూనా ఇల్లు ఉంది, పైకప్పుతో సహా, దానిలోకి మాత్రం దూరనిస్తారు. పిల్లలకు అదే హైలైట్. అసలు ఊరి దగ్గర మాత్రం చెయ్యి పట్టుకోండి, దారి గోడల అంచునే వెళ్తుంది, కింద రాతి గచ్చు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే, జూన్. నడి వేసవిలో అక్కడ పగలు 18 గంటలుంటుంది, కాబట్టి తొందర అనేదే ఉండదు. జూలై, ఆగస్టుల్లో వాతావరణం బాగుంటుంది కానీ జనం కూడా ఎక్కువ. బాగుంటుంది అంటే మహా అయితే 16 డిగ్రీలు, ఎండ మాడ్చేస్తుందని అనుకోకండి. శీతాకాలంలో ఊరు తెరిచే ఉంటుంది, కానీ పగలు ఆరు గంటలే, గాలి తీవ్రంగా ఉన్న రోజున ముందస్తు కబురు లేకుండా మూసేయవచ్చు, ఫెర్రీలు ఆగిపోవచ్చు. డిసెంబరులో వెళ్లాలన్న మోజు ఉంటే అటూ ఇటూ ఒక రోజు వదులుగా పెట్టుకోండి.

ఆర్క్నీకి వేరే వీసా కావాలా?

అక్కర్లేదు. ఆర్క్నీ స్కాట్లాండ్‌లో భాగం, స్కాట్లాండ్ యూకేలో భాగం. యూకే విజిటర్ వీసా ఉంటే లండన్‌లో దిగినా ఎడిన్‌బరోలో దిగినా అక్కడి వరకు అదే సరిపోతుంది. షెంగెన్ వీసాతో యూరప్ తిరుగుతూ మధ్యలో ఇక్కడికి వచ్చేద్దామనుకుంటే మాత్రం కుదరదు, యూకేకి అది చెల్లదు. డబ్బు పౌండ్లే. స్కాట్లాండ్ బ్యాంకులు వేసే నోట్లు చూడటానికి వేరేగా ఉంటాయి, అవీ పౌండ్లే, కంగారు పడకండి.

## దారిలో

అక్కడికి ఎలా చేరాలి? విమానమా, ఓడా?

రెండూ ఉన్నాయి. ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్, ఇన్వర్‌నెస్ నుంచి ఆర్క్నీలోని ముఖ్య పట్టణం కిర్క్‌వాల్‌కు చిన్న విమానాలు తిరుగుతాయి. సముద్రం మీద అయితే మూడు దారులు: స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని స్క్రాబ్‌స్టర్ నుంచి ఆర్క్నీలోని స్ట్రామ్‌నెస్‌కు గంటన్నర, గిల్స్ బే నుంచి సెయింట్ మార్గరెట్స్ హోప్‌కు గంట పైచిలుకు, అబర్డీన్ నుంచి కిర్క్‌వాల్‌కు దాదాపు ఆరు గంటలు. రైల్లో వచ్చేవాళ్లు ఇన్వర్‌నెస్ నుంచి థర్సో వరకు నాలుగు గంటలు కూర్చుంటే స్క్రాబ్‌స్టర్ ఓడరేవు అక్కడికి దగ్గరే.

నా ఓటు స్క్రాబ్‌స్టర్ ఓడకి. అది హోయ్ దీవి పక్కగా వెళ్తుంది, సముద్రంలోంచి ఒంటరిగా లేచి నిలబడ్డ 137 మీటర్ల రాతి స్తంభం, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్, డెక్ మీద నుంచే కనిపిస్తుంది. దిగేది కూడా స్ట్రామ్‌నెస్‌లో, అక్కడి నుంచి స్కారా బ్రే 11 కిలోమీటర్లే. కిర్క్‌వాల్ నుంచి అయితే 30 కిలోమీటర్లు.

ఓడలో కడుపులో తిప్పుతుందా?

తిప్పే అవకాశం బాగానే ఉంది. దీవులకూ స్కాట్లాండ్ ఒడ్డుకూ మధ్య ఉన్న పెంట్‌లాండ్ ఫర్త్‌లో ప్రవాహాలు చాలా బలమైనవి, అట్లాంటిక్, ఉత్తర సముద్రం రెండూ అక్కడ తోసుకుంటాయి. బస్సులోనే వాంతులయ్యేవాళ్లు ఎక్కే ముందే మాత్ర వేసుకోండి, ఓడ కదిలాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ.

ఇన్వర్‌నెస్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా?

వేసవిలో అలాంటి టూర్లు ఉన్నాయి, వచ్చేయొచ్చు. కానీ రోజులో ఎక్కువ భాగం బస్సులోనూ పడవలోనూ పోతుంది, ఊరి దగ్గర మీకిచ్చేది గంటో గంటంబావో, అదీ మీ బస్సు మొత్తం ఒకేసారి దిగాక. వెళ్లొచ్చామని చెప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం. కనీసం రెండు రాత్రులు ఉండండి. అది కుదరకపోతే ఈసారికి వదిలేసి ఎడిన్‌బరోలో నేషనల్ మ్యూజియం చూడండి, స్కారా బ్రేలో దొరికిన వస్తువులు కొన్ని అక్కడే ఉన్నాయి.

కారు లేకపోతే ఇబ్బందా?

ఇబ్బందే కానీ ఆగిపోయేంత కాదు. వేసవిలో కిర్క్‌వాల్, స్ట్రామ్‌నెస్‌ల నుంచి బస్సు ఉంటుంది, సర్వీసులు తక్కువ. వెళ్లే బస్సు కంటే తిరిగొచ్చే బస్సు టైమ్ ముందు చూసుకోండి. సైకిల్ మీద వెళ్లేవాళ్లూ ఉన్నారు, గుట్టలు పెద్దవేం కాదు, ఎదురుగాలే అసలు సమస్య, చెట్లు లేని దీవి కావడంతో దాన్ని ఆపేది ఏదీ ఉండదు. నలుగురుంటే ఒకరోజుకి కారు అద్దెకు తీసుకోవడం అన్నింటికంటే సుఖం, చుట్టుపక్కలవి కూడా అయిపోతాయి. మ్యాప్‌లో మెయిన్‌లాండ్ అని కనిపిస్తే అది స్కాట్లాండ్ ప్రధాన భూభాగం అనుకోకండి, ఆర్క్నీలోని పెద్ద దీవి పేరే అది, స్కారా బ్రే ఉన్నది అక్కడే.

## టికెట్ దగ్గర

ముందే బుక్ చేసుకోవాలా, వెళ్లి కొనుక్కోవచ్చా?

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ తీసుకోండి. కిర్క్‌వాల్‌కు పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు వస్తాయి, వాటిలోంచి దిగిన వాళ్లలో చాలామంది బస్సులెక్కి ఇక్కడికే వస్తారు. కిర్క్‌వాల్ రేవుకు ఏ రోజు ఏ ఓడ వస్తుందో షెడ్యూల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఓడలు లేని రోజు చూసుకుంటే ఊరు మీదే. తప్పదంటే తెరిచిన వెంటనే, లేదా మూసే ముందు చివరి స్లాట్‌లో వెళ్లండి. లోపలికి పంపడం మూసే సమయానికి బాగా ముందే ఆపేస్తారు, అది మాత్రం గుర్తుంచుకోండి.

స్కెయిల్ హౌస్ కూడా అదే టికెట్‌లో వస్తుందా?

వేసవి సీజన్‌లో వస్తుంది, చలికాలంలో ఆ ఇల్లు మూసి ఉంటుంది కాబట్టి ఊరు మాత్రమే. ఊరికి కూతవేటు దూరంలో ఉన్న దొరగారి బంగళా అది. స్కారా బ్రేని మొదట తవ్వించిన విలియం వాట్ ఉన్నది ఆ ఇంట్లోనే. టైమ్ ఉంటే ఒక చుట్టు చుట్టండి, లేకపోతే బాధపడకండి.

మొత్తం చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఊరు చుట్టూ తిరగడానికి పావుగంట చాలు, చాలామంది అంతే తిరిగి వెళ్లిపోతారు. మీరు రెండు గంటలు పెట్టుకోండి. ముందు విజిటర్ సెంటర్‌లో వస్తువులు, ఆ తర్వాత నమూనా ఇల్లు, ఆ తర్వాతే అసలు ఊరు. ఈ వరుస మార్చకండి. నమూనా ఇంట్లో చీకటి, పైకప్పు, మంచం మీద పరుపు అన్నీ చూశాక అసలు ఇంటిని పైనుంచి చూస్తే రాళ్ల మధ్య ఖాళీలు వాటంతటవే నిండుతాయి, తిరగేసి చూస్తే రాళ్లు రాళ్లలాగే ఉండిపోతాయి. సెంటర్ నుంచి ఊరికి నడిచే దారి పక్కన చరిత్రలోని ఘట్టాలు చెక్కిన రాళ్లు పాతారు, మన కాలం నుంచి వెనక్కి వెళ్తూ ఉంటాయి, పిరమిడ్లు దాటాక ఊరు వస్తుంది. నడక నిమిషాల్లో అయిపోతుంది కానీ ఆ రాళ్లు చదువుకుంటూ వెళ్లండి.

అమ్మానాన్నకు మోకాళ్ల నొప్పులు. నడవగలరా?

విజిటర్ సెంటర్, మ్యూజియం భాగం సమస్య కాదు. ఊరి వరకు దారి చాలావరకు చదునుగానే ఉంటుంది. ఇళ్ల చుట్టూ తిరిగే చోట మాత్రం గడ్డి నేల, ఎత్తుపల్లాలు, వాన పడితే జారుడు. చేతికర్రతో నెమ్మదిగా నడవగలిగే వాళ్లకు ఫరవాలేదు. వీల్‌చెయిర్ అవసరమైతే ముందుగా ఫోన్ చేసి ఆ రోజు పరిస్థితి అడగడం మేలు. నమూనా ఇంటి తలుపు బాగా కిందికి ఉంటుంది, నడుం వంచలేని వాళ్లు బయటే ఉండాలి.

ఏం వేసుకోవాలి?

గాలి దూరని జాకెట్, తలకు గట్టిగా పట్టుకునే టోపీ, జారని బూట్లు. గొడుగు వద్దు, రెండో నిమిషంలో తిరగబడుతుంది. ఊరి దగ్గర నీడ లేదు, చాటు లేదు, ఎదురుగా సముద్రం. సెంటర్‌లో కెఫే, టాయిలెట్లు ఉన్నాయి.

## ఊరు చూస్తున్నప్పుడు

ఇళ్లలోకి దిగనిస్తారా?

లేదు. ఇళ్ల పైఅంచున ఉన్న దారి మీద నడుస్తూ కిందికి చూడాలి. మొదట ఇదేంటి, ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపిస్తుంది. కానీ పైకప్పు లేని ఇంటిని పైనుంచి చూడటంలో ఒక లాభం ఉంది, ఇంటి ప్లాన్ మొత్తం ఒక్క చూపులో పడుతుంది. లోపలికి దిగితే అది కనిపించదు. పైగా ఏటా వచ్చే జనమంతా దిగి నడిస్తే ఆ రాతి మంచాలు ఎన్నాళ్లో ఉండవు.

ఎనిమిది ఇళ్లున్నాయంటున్నారు. ఒక్కదాన్నే బాగా చూడాలంటే ఏది?

ఒకటో నంబరు ఇల్లు. సామాను అంతా ఉంది, పైనుంచి బాగా కనిపిస్తుంది కూడా. ముందు తలుపు వెతకండి. గోడలో పొట్టి సందు, మనిషి వంగి, దాదాపు పాక్కుంటూ రావాలి. అక్కడి నుంచి తిన్నగా ఎదుటి గోడకు చూస్తే రెండు అంతస్తుల రాతి అలమర, పలకల కింద రాతి కాళ్లు. అంటే ఎవరు లోపలికొచ్చి తలెత్తినా మొదట కంటపడేది ఆ అలమరే, దాని మీద పెట్టినవే. మధ్యలో నాలుగు రాళ్లతో చదరంగా కట్టిన పొయ్యి. రెండు వైపులా మంచాలు, నిలువు పలకలతో చేసిన తొట్ల లాంటివి, వాటిలో ఎండుగడ్డో తోళ్లో పరుచుకునేవారు. మంచం పక్క గోడలో గూళ్లు చూడండి, సొంత వస్తువులు దాచుకోవడానికి. నేలలో చిన్న చదరపు గుంటలు, అంచులకు బంకమట్టి పూసి నీళ్లు కారకుండా చేసినవి, చేపలు పట్టే ఎరకు గుల్లలను వాటిలో నానబెట్టేవారని ఒక ఊహ.

ఇక్కడ ఒక్కచోట పది నిమిషాలు నిలబడండి. మిగతా ఇళ్లు చాలావరకు ఇదే పద్ధతిలో ఉంటాయి, ఒకటి ఒంటబట్టితే మిగతావి చకచకా అర్థమవుతాయి.

కుడి మంచం పెద్దది, ఎడమది చిన్నది. మగవాళ్లకొకటి ఆడవాళ్లకొకటా?

1927 నుంచి 1930 వరకు ఇక్కడ తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ అలాగే అనుకున్నాడు. ఎడమ మంచాల దగ్గర పూసలు, రంగు గిన్నెలు దొరకడంతో అవి ఆడవాళ్లవని తేల్చేశాడు. పూసలు వేసుకునేది, రంగు పూసుకునేది ఆడవాళ్లే అనడం ఆయన కాలపు ఆలోచన, అప్పటి ఊరి సాక్ష్యం కాదు. కుడిది పెద్దది అన్నది మాత్రం చాలా ఇళ్లలో నిజం. కారణం మీరే ఊహించుకోండి.

సామాను కూడా రాయితో ఎందుకు చేసుకున్నారు? చెక్క దొరకలేదా?

ఆర్క్నీలో అప్పటికే చెట్లు తక్కువ. సముద్రం కొట్టుకొచ్చిన దుంగలు ఉండి ఉండవచ్చు, కానీ నమ్ముకోలేం. రాయి మాత్రం కావాల్సినంత. ఆ ఒడ్డున దొరికేది నాపరాయి జాతి, పొరలు పొరలుగా పలకల్లా చీలుతుంది, లోహపు పనిముట్లు లేకపోయినా అరలకూ మంచాలకూ సరిపోయే బండలు వస్తాయి. బీచ్ వైపు చూపు తిప్పితే అలాంటి పలకలే ఇప్పటికీ పడి ఉంటాయి, దొంతరలు దొంతరలుగా. మనకు కలిగిన అదృష్టం కూడా అదే, చెక్క సామాను అయితే ఏనాడో కుళ్లిపోయేది.

ఇళ్లు భూమిలోకి దిగి ఉన్నాయెందుకు? గుహల్లో ఉన్నట్టు బతికేవారా?

గుహలు కాదు. ఇళ్ల చుట్టూ ఉన్నది పెంటకుప్ప: బూడిద, ఎముకలు, గుల్లలు, పేడ, అన్నీ ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడ్డది. అందులోకి గోడలు దించి కట్టారు. దాంతో గోడలకు దన్ను దొరికింది, గాలి ఆగింది, ఇల్లు వెచ్చగా ఉంది. అక్కడ ఒక పూట ఆ గాలిలో నిలబడితే వాళ్ల తెలివి ఏపాటిదో మీకే తెలుస్తుంది. ఇంటి నుంచి ఇంటికి వెళ్లే దారులకు పైన రాతి కప్పు వేశారు, కాబట్టి పక్కింటికి వెళ్లాలంటే వానలో తడిసే పని లేదు. ఇళ్ల పైకప్పులు మాత్రం మిగల్లేదు, తిమింగలం ఎముకలో దుంగలో అడ్డంగా వేసి పైన తోళ్లు, గడ్డిపెళ్లలు కప్పి ఉంటారని అంచనా.

ఐదు వేల ఏళ్ల నాడే ఇంట్లో టాయిలెట్లు ఉండేవట?

కొన్ని ఇళ్ల గోడల్లో చిన్న చిన్న గదులున్నాయి, వాటి కింద మురుగు కాలువ వెళ్తుంది. అవి మరుగుదొడ్లే అయి ఉంటాయని చాలామంది పరిశోధకుల మాట. ఊరి కింద కాలువలు ఉన్నమాట మాత్రం వాస్తవం, గోడలు లేపకముందే వాటిని వేసుకున్నారు.

ఏడో నంబరు ఇల్లు ఎక్కడ? కనిపించడం లేదు.

ఉంది, కానీ కాపాడటానికి పైన కప్పు వేసి మూసేశారు, సందర్శకులకు కనిపించదు. నమూనా ఇల్లు కట్టింది దాన్ని చూసే. ఈ ఇంటి కథ మిగతావాటికి వేరు. ఇది మిగతా ఇళ్లకు ఎడంగా ఉంటుంది, దీనికి ప్రత్యేకంగా ఒక పక్కదారి. మిగతా ఇళ్ల తలుపులకు గడియ లోపలి నుంచి పెట్టుకుంటే దీనికి మాత్రం బయటి నుంచి పెట్టే ఏర్పాటు. కుడి వైపు మంచం, గోడ కింద ఇద్దరు ఆడవాళ్లను పాతిపెట్టారు, ఇల్లు కట్టకముందే. ఎవరినైనా విడిగా ఉంచడానికా, పురుడు వంటి వాటికా, ఏదైనా క్రతువు కోసమా, ఎవరి వాదన వాళ్లది.

ఎనిమిదో ఇంట్లో మంచాలు లేవేంటి?

అది ఇల్లు కాకపోవడమే కారణం. మంచాలు లేవు, అలమర లేదు, పెంటకుప్పలోకి దించకుండా విడిగా, మందపాటి గోడలతో కట్టారు. నేలంతా చెర్ట్ అనే గట్టి రాతి పెచ్చులు, కాలిన రాళ్లు దొరికాయి. చెర్ట్‌ను వేడి చేసి పనిముట్లు చెక్కుకున్న పనిశాల అని చెబుతారు.

ఏం తినేవారు?

గొడ్లు, గొర్రెలు పెంచారు, బార్లీ పండించారు, కొంచెం గోధుమ. చేపలు, గుల్లలు, జింక, సముద్రపు పక్షుల గుడ్లు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అంటే పండగే, మాంసం, నూనె, ఎముక అన్నీ పనికొచ్చేవి. ఒకేసారి ఊళ్లో ఉన్నది 50 నుంచి 100 మందికి మించి ఉండరని అంచనా.

కత్తులు, బాణాలు ఏమీ దొరకలేదా?

యుద్ధానికి వాడే ఆయుధాలని చెప్పదగ్గవి దొరకలేదు, ఊరిని కట్టిన చోటు కూడా కాచుకోవడానికి అనువైనది కాదు. దొరికినవి పూసలు, ఎముక సూదులు, జేగురు ఉన్న చిన్న రాతి గిన్నెలు, గీతలు చెక్కిన కుండ పెంకులు. బీచ్‌లోని గులకరాయిని మరో రాయికేసి కొట్టి ఊడదీసిన పదునైన పెచ్చులు బోలెడు, వాటిని స్కెయిల్ కత్తులు అంటారు, మాంసం కోయడానికి వాడేవారు. పఫ్‌బాల్ అనే బూరగ పుట్టగొడుగులు కూడా దొరికాయి, వాటి లోపలి దూది లాంటి పదార్థం గాయాల రక్తం ఆపడానికి పనికొస్తుంది. అన్నిటికంటే వింతవి చేతిలో పట్టేంత రాతి బంతులు, ఒంటినిండా ముళ్లలా చెక్కినవి. ఎందుకో ఈరోజు వరకు ఎవరూ తేల్చలేదు.

తుఫాను వచ్చి అందరూ ఒక్కరోజులో పారిపోయారట, నిజమేనా?

ఇది చైల్డ్ చెప్పిన కథ. తలుపు సందు దగ్గర పూసలు చెల్లాచెదురుగా దొరికాయి. ఎవరో ఆడమనిషి కంగారుగా ఆ ఇరుకు సందులోంచి బయటపడుతుంటే దండ తెగిపోయిందని ఆయన ఊహించాడు. చక్కటి కథ, గైడ్లు ఇప్పటికీ చెబుతారు. కానీ ఇప్పటి పరిశోధకులు ఎక్కువమంది ఊరు నెమ్మదిగా ఖాళీ అయిందనే అంటారు: ఇసుక ముందుకు రావడం, పొలాలు పాడవడం, మనుషులు జీవించే పద్ధతి మారడం, కొద్దికొద్దిగా జనం వెళ్లిపోవడం. పూసల దండ తెగడానికి తుఫానే రానక్కర్లేదు కదా.

ఫొటోలు తీయొచ్చా? డ్రోన్?

మీ కోసం ఫొటోలు ఎన్నైనా తీసుకోండి. డ్రోన్‌కు ముందే అనుమతి కావాలి. ఫొటోకి మంచి వెలుతురు ఉదయం, సాయంత్రం; మిట్టమధ్యాహ్నం ఇళ్ల లోపలి నీడలు పోయి అంతా చదునుగా వస్తుంది.

## ఊరి వెనక కథ

దీన్ని ఎవరు కనిపెట్టారు?

గాలివాన. 1850 చలికాలంలో వచ్చిన పెద్ద తుఫాను ఇసుక దిబ్బ మీది గడ్డిని ఊడబెరికేస్తే కింద రాతి గోడలు బయటపడ్డాయి. ఆ భూమి స్కెయిల్ దొర విలియం వాట్‌ది, ఆయన 1868 నాటికి నాలుగు ఇళ్లు తవ్వించి ఆపేశాడు. 1913లో ఎవరో పారలు పట్టుకొచ్చి ఒక వారాంతంలో తవ్వి ఏమేం పట్టుకెళ్లారో లెక్కే లేదు. 1924లో మరో తుఫాను ఒక ఇంట్లో కొంత భాగాన్ని సముద్రంలోకి లాగేసింది, ఆ తర్వాతే ప్రభుత్వం మేలుకుని అడ్డుగోడ కట్టి, చైల్డ్‌ను తవ్వకాలకు పిలిచింది. ఆయన దీన్ని చాలా తర్వాతి కాలంలో స్కాట్లాండ్‌లో ఉన్న పిక్ట్ జాతి ఊరనుకున్నాడు, అంటే రెండు వేల ఏళ్లకు పైగా తగ్గించి లెక్కేశాడు. 1972, 1973లో డేవిడ్ క్లార్క్ జరిపిన తవ్వకాల్లో దొరికిన వాటికి కార్బన్ పరీక్షలు చేశాకే అసలు వయసు ఖాయమైంది.

సముద్రం అంత దగ్గరగా ఇళ్లెందుకు కట్టుకున్నారు?

కట్టుకున్నప్పుడు సముద్రం అంత దగ్గర లేదు. అప్పుడు ఒడ్డు దూరంగా ఉండేది, ఊరి పక్కన మంచినీటి మడుగు, పచ్చిక ఉండేవి. ఐదు వేల ఏళ్లలో సముద్రమే కోసుకుంటూ ఊరి దాకా వచ్చింది. ఇప్పుడున్న గోడ ఊరి ముందు భాగాన్ని ఆపుతుంది, కానీ గోడ రెండు కొసల దగ్గరా కోత సాగుతూనే ఉంది, బీచ్‌లోకి దిగి పక్కకు చూస్తే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ప్రాంతం మొత్తానికి వాతావరణ మార్పుతో ఉన్న ముప్పు తీవ్రమైనదని 2019లో జరిగిన అంచనా తేల్చింది. ఎప్పుడైనా చూద్దాంలే అనుకునే చోటు కాదిది.

## చూశాక

ఇక్కడ దొరికిన వస్తువులు ఎక్కడ చూడాలి?

కొన్ని విజిటర్ సెంటర్‌లోనే ఉన్నాయి. మంచివి చాలావరకు ఎడిన్‌బరోలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్‌లో. స్ట్రామ్‌నెస్ మ్యూజియంను వదలొద్దు: తిమింగలం ఎముకతో చేసిన చిన్న మనిషి బొమ్మ ఒకటి 19వ శతాబ్దంలో స్కారా బ్రేలో దొరికి, తర్వాత జాడ లేకుండా పోయి, 2016లో ఆ మ్యూజియం పెట్టెల్లోనే మళ్లీ కనిపించింది. బొడ్డు, కళ్లు, నోరు ఉంటాయి. దాన్ని బడ్డో అని పిలుచుకుంటారు.

దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

కారులో పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో రింగ్ ఆఫ్ బ్రాడ్గర్ రాతి వలయం, స్టెన్నెస్ నిలువు రాళ్లు. రెండింటికీ టికెట్ లేదు. స్టెన్నెస్ రాళ్ల నుంచి కాస్త నడిస్తే బార్న్‌హౌస్ అనే మరో రాతియుగపు ఊరి ఆనవాళ్లు, గోడలు మోకాలెత్తు వరకు మళ్లీ కట్టి చూపించారు, దాదాపు ఎవరూ ఉండరు. మేస్ హౌ అనే సమాధి గుట్టకు మాత్రం గైడ్‌తోనే పంపుతారు, స్లాట్లు తొందరగా అయిపోతాయి, స్కారా బ్రే కంటే ముందు దాన్ని బుక్ చేసుకోండి. లోపలికి పొడవైన రాతి దారిలో వంగి వెళ్లాలి, గోడల మీద వేల ఏళ్ల తర్వాత వచ్చిన వైకింగులు గీసిన రాతలున్నాయి.

నెస్ ఆఫ్ బ్రాడ్గర్ తవ్వకాలు చూడొచ్చా?

ఇప్పుడు కుదరదు. బ్రాడ్గర్ వలయం దగ్గర్లోని ఆ రాతియుగపు కట్టడాల చోట ఇరవై ఏళ్లు సాగిన తవ్వకాలను 2024లో ముగించి, పాడవకుండా మళ్లీ మట్టితో కప్పేశారు. పాత వీడియోలు చూసి వెళ్లినవాళ్లకు అక్కడ పచ్చిక తప్ప ఏమీ కనిపించదు.

స్కారా బ్రే కంటే పాత ఇల్లు ఆర్క్నీలోనే ఉందంటారు. వెళ్లడం కష్టమా?

పాపా వెస్ట్రే దీవిలోని నాప్ ఆఫ్ హోవర్ అది. సుమారు క్రీ.పూ. 3700 నాటి రెండు రాతి ఇళ్లు, పక్కపక్కనే, మధ్యలో దారి. కిర్క్‌వాల్ నుంచి చిన్న విమానంలో వెళ్లొచ్చు, కొన్ని సర్వీసులు వెస్ట్రే మీదుగా తిరిగి వెళ్తాయి, వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి ఎగిరేది రెండు నిమిషాల లోపే, ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణం అదే. టికెట్ కౌంటరు, కెఫే లాంటివేం ఉండవు, పొలాల గుండా నడిచి వెళ్లడమే. స్కారా బ్రేలో పైనుంచి చూసే ఇళ్లలాంటి వాటిలోకి ఇక్కడ తలుపు సందులోంచి వంగి నేరుగా వెళ్లొచ్చు. విమానంలో సీట్లు తక్కువ, మంచు కమ్మితే ఎగరదు, అందుకే దీన్ని ఆర్క్నీలో మీ ఆఖరి రోజుకు పెట్టుకోకండి.